డిగ్నాబాద్ బ్యాటరీలకు పనికిరాని సలహాలు

అండమాన్‌లోని మా డిగ్నాబాద్‌లో కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ అందుకోలేదంటే చాలు, సలహాలు మొదలవుతాయి. అన్నీ బ్యాటరీలో ఉన్న ద్రవం గురించే. ఏం పోయాలి, ఎంత పోయాలి, ఎప్పుడు పోయాలి. ఈమధ్య ప్లస్ టూ, డిగ్రీ చదివే పిల్లలు ఇంకో అడుగు ముందుకేశారు. సైన్స్ ప్రాజెక్టు కోసం ఆ ద్రవాన్నే, అంటే కొత్త ఎలక్ట్రోలైట్‌ను, తామే తయారు చేస్తామంటున్నారు. అది చాలా మంచి కోరిక. ఎక్కువగా ఓడలో వచ్చే డీజిల్ మీదే దీపం వెలిగే దీవి ఇది. ఎన్‌ఎల్‌సీ ఇండియా సంస్థ ఇక్కడి అట్టంపహాడ్, డాలీగంజ్‌లలో 20 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రాన్నీ, దానికి తోడు 8 మెగావాట్ అవర్ల బ్యాటరీ నిల్వనీ పెట్టింది. ముందు ముందు ఇక్కడ బ్యాటరీలు పెరిగేవే కానీ తగ్గేవి కావు. వాటి లోపలి రసాయనం తెలిసిన పిల్లలు ఈ ఊళ్లోనే ఉండాలి.

అందుకే వాళ్ల చెవిన పడే తప్పుడు సలహాలను ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. వీటిలో చాలావాటికి మూలం ఒకటే: ఎలక్ట్రోలైట్‌ను సీసాలో ఉన్న ద్రవంగా మాత్రమే చూడటం. అది మంచిదా చెడ్డదా అనేది సీసాలో ఉండగా తేలదు. ప్లేటు అంచున, ద్రవం లోహాన్నో కార్బన్‌నో తాకే చోట తేలుతుంది. ఆ ప్లేటు ఏ ఊరి వేడిలో, ఏ ఊరి తేమలో బతకాలి అన్నది కూడా అంతే ముఖ్యం.

“చుట్టూ సముద్రమే కదా, ఉప్పునీళ్లతో బ్యాటరీ చేసెయ్యండి”

ఇక్కడ అందరికంటే ముందు వినిపించే సలహా ఇదే. దీనికి సాక్ష్యం కూడా చూపిస్తారు. 2022 ఆగస్టులో చెన్నైలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఓషన్ టెక్నాలజీ రూపొందించిన ‘రోష్నీ’ దీపాన్ని కేంద్ర మంత్రి జితేంద్ర సింగ్ విడుదల చేశారు. ప్రత్యేకంగా చేసిన ఎలక్ట్రోడ్ల మధ్య సముద్రపు నీరు పోస్తే ఎల్‌ఈడీ వెలుగుతుంది. జాలర్లకు అది నిజంగా పనికొచ్చే వస్తువు, నాకు దానిమీద గౌరవం ఉంది. అయితే ఉప్పునీటి దీపాలన్నింటిదీ ఒకటే పద్ధతి. లోపలి లోహం కరుగుతూ కరెంటు ఇస్తుంది, కరిగిపోయాక కొత్త లోహం పెట్టాలి. మధ్యాహ్నం సోలార్ ప్యానెల్‌కు తగిలించి ఆ లోహాన్ని మళ్లీ ప్లేటు మీదికి తెద్దామంటే కుదరదు. మెగ్నీషియం లాంటి లోహం తిరిగి అంటుకునే లోపలే నీరు విడిపోయి హైడ్రోజన్ బుడగలు వస్తాయి.

రీఛార్జి అనే మాట వచ్చిన చోట ఉప్పునీటి కథ మారిపోతుంది. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల లవణాలుంటాయి, అందులో సగానికి పైగా క్లోరైడే. ఛార్జింగ్ పెట్టగానే పాజిటివ్ ప్లేటు దగ్గర ఆ క్లోరైడు క్లోరిన్ వాయువుగా బయటికొస్తుంది. జలాంతర్గాముల్లో బ్యాటరీ గదిలోకి సముద్రపు నీరు రాకూడదని అంతగా భయపడేది ఇందుకే. లెడ్ యాసిడ్ బ్యాటరీలో పొరపాటున కూడా సముద్రపు నీరు పోయకండి. మూసిన గదిలో క్లోరిన్ వాసన వస్తే ముందు కిటికీలు తీసి మనుషులను బయటికి పంపాలి, బ్యాటరీ సంగతి తర్వాత.

ఇక్కడే ఒక గొప్ప విషయం గమనించాలి. లెక్క ప్రకారం నీరు 1.23 వోల్టుల దగ్గరే విడిపోవాలి. కానీ నీళ్లున్న లెడ్ యాసిడ్ సెల్ 2 వోల్టులు ఇస్తోంది, అదీ 1859లో గాస్టన్ ప్లాంటే చేసినప్పటి నుంచి. సీసం ఉపరితలం మీద హైడ్రోజన్ పుట్టడం చాలా మందకొడిగా జరుగుతుంది, అందుకే ఆ సెల్ నిలబడింది. ఆ గొప్ప ద్రవానిది కాదు, ద్రవమూ ప్లేటూ కలిసిన జతది.

“వాన నీళ్లంటే దేవుడిచ్చిన డిస్టిల్డ్ వాటర్”

ఏడాదికి మూడు మీటర్ల దాకా వాన పడే ఊళ్లో ఈ మాట నమ్మాలనిపించడం సహజం. పైగా డిస్టిల్డ్ వాటర్ క్యాన్లు మెయిన్‌ల్యాండ్ నుంచి ఓడలో రావాలి. మబ్బులో ఉండగా ఆ నీరు శుద్ధమైనదే, నిజం. మన దగ్గరికి వచ్చేది మాత్రం రేకుల కప్పు మీదుగా. దారిలో సముద్రపు తుంపరలోని క్లోరైడు, రేకు జింకు, మేకుల తుప్పు అన్నీ అందులో కలుస్తాయి.

తుప్పు చేసే పని చూడండి. యాసిడ్‌లో కరిగిన ఇనుము పాజిటివ్ ప్లేటు దగ్గరికి వెళ్లి ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకుంటుంది. ఈదుకుంటూ నెగెటివ్ ప్లేటు దగ్గరికి వచ్చి ఎలక్ట్రాన్ తీసుకుంటుంది. మళ్లీ అటు పోతుంది. ఫ్యాను తిరగదు, లైటు వెలగదు, ఛార్జి మాత్రం రోజురోజుకీ దిగిపోతూ ఉంటుంది. “వాడకుండా పెట్టినా బ్యాటరీ దిగిపోతోందండీ” అని వాపోయే ఇళ్లలో ముందు ఏ నీళ్లు పోశారో అడగాలి. బ్యాటరీ నీటిలో ఇనుము, క్లోరైడు ఎంతవరకు ఉండవచ్చో చెప్పడానికి మన దేశంలో ఐఎస్ 1069 అనే ప్రమాణమే ఉంది. క్యాన్ కొనేటప్పుడు దాని మీద ఆ సంఖ్య ఉందో లేదో చూడండి. నీళ్లు పూర్తిగా ఛార్జి అయ్యాకే పోయాలి. ప్లేట్లు బయటపడేంత తగ్గిపోతే మాత్రం అవి మునిగేదాకా ముందు పోసి, ఆపైన ఛార్జి చేయాలి.

“బ్యాటరీ నీరసించిందా, కొంచెం యాసిడ్ పొయ్యి”

యాసిడ్ పోయగానే హైడ్రోమీటర్‌లో గ్రావిటీ, అంటే ద్రవం సాంద్రత, పెరిగినట్టు కనిపిస్తుంది, అందుకే ఈ సలహాకు అంత పలుకుబడి. నిజానికి గ్రావిటీ ఎందుకు పడిపోయింది? ద్రవంలో ఉండాల్సిన సల్ఫేటు ప్లేట్లలోకి వెళ్లి లెడ్ సల్ఫేటుగా కూర్చుంది కాబట్టి. దాన్ని వెనక్కి రప్పించేది ఛార్జింగ్ ఒక్కటే. పైనుంచి యాసిడ్ పోసి, ఆ తర్వాత ఛార్జి చేస్తే పాత సల్ఫేటు కూడా ద్రవంలోకి దిగి మొత్తం చిక్కనైపోతుంది. పాజిటివ్ ప్లేటు లోపలి సీసపు చట్రాన్ని అది తినేస్తుంది.

మన వాతావరణంలో ఈ తప్పు ఖరీదు ఎక్కువ. కారు బ్యాటరీకి గ్రావిటీ 1.280 అని పుస్తకాల్లో ఉంటుంది. ఇన్వర్టర్ ట్యూబ్యులర్ బ్యాటరీకి 1.240 దరిదాపుల్లో ఉంచుతారు. వేడి ప్రాంతాలకు తయారీదారులే గ్రావిటీ తగ్గించి ఇస్తారు. పది డిగ్రీల వేడి పెరిగితే లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయువు సుమారు సగమవుతుందని ఈ రంగంలో ఉన్నవాళ్లు వాడే మోటు లెక్క. వేడికి చిక్కటి యాసిడ్ కూడా తోడైతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. యాసిడ్ ఒలికిపోయిన సందర్భంలో తప్ప ఇంట్లో బ్యాటరీకి యాసిడ్ పోసే అవసరం రాదు. యాసిడ్ పలచన చేయాల్సి వస్తే నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. ఇది ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు.

“కరెంటు బాగా పారే ద్రవమే మంచి ఎలక్ట్రోలైట్”

ఇది చదువుకున్నవాళ్లు ఇచ్చే సలహా, కాబట్టి ఎక్కువ హాని చేస్తుంది. పిల్లలు పది ద్రావణాలు కలిపి, కండక్టివిటీ మీటరు ముంచి, పెద్ద అంకె వచ్చినదాన్ని విజేతగా ప్రకటిస్తారు. ఆ లెక్కన లిథియం అయాన్ బ్యాటరీ ఈ లోకంలో పుట్టేదే కాదు. దాని ద్రవంలో అయాన్లు పారే తీరు, లెడ్ బ్యాటరీ యాసిడ్‌తో పోలిస్తే దాదాపు డెబ్బై ఎనభై రెట్లు తక్కువ. అయినా ఒక్కో సెల్ మూడున్నర వోల్టులకు పైగా ఇస్తోంది.

ఎలా ఇస్తోందో తెలియాలంటే రెండు ద్రావకాల కథ చెప్పాలి. ఒకటి ప్రొపిలీన్ కార్బొనేట్, ఇంకొకటి ఇథిలీన్ కార్బొనేట్. అణువుల్లో తేడా ఒక్క మిథైల్ గుంపు. మొదటిది మైనస్ 49 డిగ్రీల దాకా ద్రవంగానే ఉంటుంది. రెండోది 36 డిగ్రీల దాకా గడ్డకట్టి ఉంటుంది, మా డిగ్నాబాద్‌లో సీసా తెరిస్తే రాయిలా కూర్చుని ఉంటుంది. ఎవరైనా మొదటిదే ఎంచుకుంటారు. ఏళ్ల తరబడి పరిశోధకులు ఎంచుకున్నదీ అదే. తీరా గ్రాఫైట్‌తో జత చేస్తే ప్రొపిలీన్ కార్బొనేట్ లిథియంతో కలిసి గ్రాఫైట్ పొరల మధ్యకు దూరి, వాటిని పెచ్చులుగా ఊడగొట్టేది. 1991లో సోనీ అమ్మకానికి పెట్టిన తొలి లిథియం అయాన్ బ్యాటరీలో గ్రాఫైట్ బదులు కోక్ కార్బన్ వాడటానికి కారణం అదే. అంతకు ఏడాది ముందే, 1990లో, కెనడాలో ఫాంగ్, ఫాన్ జాకెన్, జెఫ్ డాన్ ఒక విషయం చూపించారు. ఇథిలీన్ కార్బొనేట్ ఉంటే అది మొదటి ఛార్జింగ్‌లోనే కొద్దిగా విరిగి గ్రాఫైట్ మీద సన్నని పొరగా పరుచుకుంటుంది, ఆ తర్వాత విరగడం ఆగిపోతుంది. వడపోత గుడ్డలా ఆ పొర లిథియం అయాన్లను లోపలికి పోనిస్తుంది, ఎలక్ట్రాన్లను మాత్రం ద్రవం వైపు రానివ్వదు. ఇలాంటి పొర ఒకటి ఉంటుందని ఇజ్రాయెల్ శాస్త్రవేత్త ఇమ్మాన్యుయేల్ పెలెడ్ 1979లోనే లిథియం లోహం విషయంలో ప్రతిపాదించాడు.

సీసాలో ఓడిపోయిన ద్రావకమే ప్లేటు మీద గెలిచింది. ఈరోజు మన జేబుల్లో ఉన్న ప్రతి ఫోనూ ఆ గెలుపు మీదే నడుస్తోంది. నేను పిల్లలకు మరీ మరీ చెప్పేది ఇదే: కండక్టివిటీ మీటరు అంకె రాసుకోండి, కానీ దాని మీద తీర్పు చెప్పకండి. అదే ద్రవాన్ని అసలు ప్లేట్ల మధ్య పెట్టి, ఛార్జి చేసి, దింపి, మళ్లీ ఛార్జి చేసి, పెట్టిన కరెంటులో ఎంత వెనక్కి వచ్చిందో చూడండి. యాభయ్యో సారి కూడా అంతే వస్తోందా అన్నది అసలు ప్రశ్న.

లిథియం బ్యాటరీ ద్రవంలో కలిపే లవణానిదీ ఇదే కథ. లిథియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్‌ను విడిగా పరీక్షిస్తే ఏ పరీక్షలోనూ మొదటి ర్యాంకు రాదు. వేడికి ఓర్చదు, తేమకు అసలే ఓర్చదు. లిథియం టీఎఫ్‌ఎస్‌ఐ అనే ఇంకో లవణం వేడికీ తేమకూ బాగా తట్టుకుంటుంది, కానీ పాజిటివ్ వైపు ఉండే అల్యూమినియం రేకును తినేస్తుంది. హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ అయితే ఆ అల్యూమినియం మీద ఫ్లోరైడు పొర కట్టి కాపాడుతుంది. అందుకే ముప్పై ఏళ్లు దాటినా దాన్ని వదల్లేకపోతున్నారు.

“ఉప్పు ఎంత ఎక్కువ వేస్తే అంత ఎక్కువ అయాన్లు”

మామూలు లిథియం ద్రవాల్లో లీటరుకు ఒక మోల్ దగ్గర ఆపుతారు. అంతకు మించితే ద్రవం చిక్కనై అయాన్ల నడక మందగిస్తుంది. వినైలిన్ కార్బొనేట్ లాంటి చేర్పులదీ అదే తీరు. ఒకటి రెండు శాతం వేస్తే పొర గట్టిపడుతుంది, ఇంకా వేస్తే పొర మందమై అడ్డు పెరుగుతుంది. 2015లో మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం, అమెరికా సైనిక పరిశోధనశాల కలిసి కిలో నీటికి 21 మోల్‌ల లిథియం టీఎఫ్‌ఎస్‌ఐ కలిపి, నీళ్ల ఎలక్ట్రోలైట్‌ను సుమారు 3 వోల్టుల దాకా నిలబెట్టారు. దీన్ని చూపించి “చూశారా, ఉప్పు పెంచితే చాలు” అంటారు. అక్కడ పనిచేసింది ఉప్పు బరువు కాదు. విడి నీటి అణువు దాదాపు మిగలకుండా పోవడం, ఉప్పు విరిగి ప్లేటు మీద ఫ్లోరైడు పొర కట్టడం. మళ్లీ ప్లేటు దగ్గరికే వచ్చాం.

“పాత ఫోను బ్యాటరీ విప్పి అందులోది వాడు, మూత గట్టిగా పెడితే సరిపోతుంది”

ఈ సలహా విన్న పిల్లలు దయచేసి ఇక్కడ ఆగి చదవండి. నిండు వర్షాకాలంలో మా గాలి ప్రతి ఘనపు మీటరులో ఇరవై గ్రాముల దాకా నీటి ఆవిరి మోస్తుంది. లిథియం ద్రవంలో నీరు పది లక్షల వంతుల్లో ఇరవై వంతులు దాటకూడదు. దాటితే పైన చెప్పిన హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ నీటితో కలిసి హైడ్రోజన్ ఫ్లోరైడు పుడుతుంది. అది చర్మంలోంచి ఎముక దాకా దిగే విషం. ఫ్యాక్టరీల్లో ఈ పని చేసే గదుల్లోని గాలి మైనస్ 40 డిగ్రీల మంచు బిందువు దాకా ఎండబెట్టి ఉంటుంది, అంటే మా గాలిలో ఉన్న తేమలో నూరో వంతు కూడా ఉండదు. ప్రయోగశాలల్లో ఆర్గాన్ నింపిన గ్లవ్ బాక్సుల్లో చేస్తారు. సీసా మూత ఎంత గట్టిదైనా, దాన్ని తెరిచిన క్షణంలోనే తేమ లోపలికి వెళ్లిపోతుంది. లిథియం ద్రవాల మీదే మనసుంటే డిగ్రీ అయ్యాక కారైకుడిలోని సీక్రి పరిశోధన సంస్థకో, హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన కేంద్రానికో వెళ్లే దారి చూసుకోండి. అక్కడ ఆ పెట్టెలున్నాయి, చెయ్యి పట్టి నేర్పేవాళ్లున్నారు.

ఇంట్లో, కాలేజీలో చేయడానికి జింకు ఉంది. జింకు రేకు ఒక వైపు, మాంగనీస్ డయాక్సైడు ఒక వైపు, మధ్యలో 2 మోలార్ జింక్ సల్ఫేట్ ద్రావణం. తేమతో దానికి గొడవే లేదు, ఎందుకంటే అది నీళ్లే. 2016లో నేచర్ ఎనర్జీ పత్రికలో వచ్చిన పరిశోధనలో ఈ ద్రావణానికి 0.1 మోలార్ మాంగనీస్ సల్ఫేట్ చేర్చారు. పాజిటివ్ ప్లేటులోని మాంగనీస్ నెమ్మదిగా ద్రవంలోకి కరిగిపోతుంటే, ద్రవంలో ముందే మాంగనీస్ ఉంచి ఆ కరగడాన్ని అణచారు. 5,000 సార్లు ఛార్జి చేసి దింపాక కూడా 92 శాతం సామర్థ్యం మిగిలింది. ఎలక్ట్రోలైట్ రూపకల్పన అంటే ఏమిటో నేర్పడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు. ఆ చేర్పు వేసి ఒక సెల్, వేయకుండా ఒక సెల్ చేసి పక్కపక్కన పెట్టి చూడండి. జింక్ సల్ఫేట్ మాత్రం ఎరువుల కొట్టులోది కొనకండి. శ్రీకాకుళం వరి చేలకు అది చాలు, అందులోని ఇనుము మొక్కకు మేలే. మీ సెల్‌కు మాత్రం అది పైన చెప్పిన తుప్పు నీళ్లతో సమానం. ల్యాబ్ గ్రేడుదే తెప్పించుకోండి.

“పుస్తకంలో రాసినట్టే కలుపు”

పుస్తకంలో లెక్క 25 డిగ్రీల దగ్గర ఉంటుంది. అందులోని భయాలన్నీ చలి దేశాల భయాలు: మైనస్ 20లో కారు కదలదేమో, ద్రవం గడ్డకడుతుందేమో. ఆ భయంతో మిథైల్ అసిటేట్ లాంటి పలచని ద్రావకాలు చేరుస్తారు. అది 57 డిగ్రీలకే మరుగుతుంది. ఎండలో నిలబెట్టిన రేకు పెట్టెలో బ్యాటరీ ఉండే మా దగ్గర అది చేర్చడం లోపల పీడనం పెంచుకోవడమే. మా ఊళ్లో వేడి ఇరవై డిగ్రీలకు దిగువన పెద్దగా దిగదు. చలి కోసం ఇచ్చే ప్రతి రాయితీనీ మనం వెనక్కి తీసుకుని వేడి తట్టుకునే గుణానికి ఖర్చు చేయవచ్చు. నన్నడిగితే దీవుల బ్యాటరీకి పెట్టాల్సిన మొదటి పరీక్ష ఇది: సెల్‌ను నిండా ఛార్జి చేసి 45 డిగ్రీల వేడిలో నెల రోజులు ఊరకే ఉంచాలి, ఆ తర్వాత ఎంత ఛార్జి మిగిలిందో, మళ్లీ ఎంత నిండుతోందో కొలవాలి. ఇందులో తప్పిన ద్రవం ఎంత వేగంగా ఛార్జి అయినా మనకు అక్కర్లేదు.

“ఘన ఎలక్ట్రోలైట్ వచ్చేస్తోంది, ఈ ద్రవాల గొడవ నేర్చుకోవడం దండగ”

ఘన ఎలక్ట్రోలైట్ల రంగంలో మన తెలుగువాడు బి.వి.ఆర్. చౌదరి సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయం నుంచి దశాబ్దాల పాటు పనిచేశారు. ఆసియా దేశాల సాలిడ్ స్టేట్ అయానిక్స్ సదస్సుల సంపుటాలకు సంపాదకత్వం వహించారు. ఎం.వి. రెడ్డి, జి.వి. సుబ్బారావులతో కలిసి లోహ ఆక్సైడు ఆనోడ్ల మీద 2013లో కెమికల్ రివ్యూస్‌లో ఆయన రాసిన సమీక్ష ఈ రంగంలోకి వచ్చేవాళ్లకు దారి చూపుతుంది. కాబట్టి ఆ రంగాన్ని నేను తక్కువ చేయను. తక్కువ చేసేది ఈ సలహానే. 2011లో జపాన్‌లో కన్నో బృందం చూపిన సల్ఫైడు ఘన పదార్థం లిథియంను ద్రవంతో సమానంగా పారనిచ్చింది. కానీ సల్ఫైడులు తేమ తగిలితే హైడ్రోజన్ సల్ఫైడు వదులుతాయి. కుళ్లిన గుడ్ల వాసన వేసే ఆ విషవాయువు మా గాలికి సరిపడే నేస్తం కాదు. పైగా ద్రవం అయితే ప్లేటు ఉబ్బినా కుంగినా అంటుకునే ఉంటుంది, ఘనం పగులుతుంది. ద్రవం దగ్గర అంచును అర్థం చేసుకున్నవాళ్లే ఘనం దగ్గర అంచును బాగుచేయగలరు.

“పాత యాసిడ్‌ను కాలువలో పోసెయ్, వాన కొట్టుకుపోతుంది”

కొట్టుకుపోయేది జంగ్లీఘాట్‌లో పడవలు కట్టే నీళ్లలోకే. పాత యాసిడ్‌లో సీసం కరిగి ఉంటుంది, చేపల్లోకి చేరుతుంది, ఆ చేప మన ఇంటికే వస్తుంది. వంటసోడా చల్లి యాసిడ్ గుణం పోగొట్టినా సీసం పోదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం పాత బ్యాటరీలను వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారులది. బ్యాటరీని ద్రవంతో సహా, మూతలు బిగించి, నిటారుగా నిలబెట్టి డీలరుకే ఇవ్వండి.

కొత్త ద్రవం రూపొందించే పిల్లలూ ఈ తిరుగు ప్రయాణాన్ని మొదటి రోజే లెక్కలో వేసుకోవాలి. ఇక్కడ కరిగించి తీసే కర్మాగారం లేదు, ప్రతి పాత బ్యాటరీ ఓడెక్కి చెన్నైకో విశాఖకో వెళ్లాల్సిందే. ఓడల నిబంధనల్లో యాసిడ్ నింపిన బ్యాటరీ 8వ తరగతి ప్రమాదకర సరుకు, లిథియం అయాన్ బ్యాటరీ 9వ తరగతి. ప్యాకింగు, కాగితాలు, ఓడలో చోటు అన్నీ దాన్నిబట్టే. మీ ప్రాజెక్టు నివేదికలో వోల్టేజీ, సామర్థ్యం రాసిన చోటే ఇంకో వరుస గీయండి: ఈ ద్రవం పాతబడ్డాక ఏ తరగతి సరుకవుతుంది, దాన్ని ఓడ దాకా ఎవరు చేరుస్తారు.